పిట్ట గుర్తు పిస్తోలు

మ్యూజియంలో అందరూ ఆమెను చీటీలక్క అంటారు. పాత ఆయుధాల గదిలో ప్రతి కత్తికీ, ప్రతి బల్లేనికీ, ప్రతి తుపాకీకీ తెల్లదారంతో కట్టిన అట్టచీటీ ఒకటి వేలాడుతూంటుంది. ఆ చీటీలన్నీ ఆమె చేతిరాతే. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. కాసేపు కదలకుండా నిలబడితే మనుషులకి కూడా చీటీ కట్టేస్తుందని గేటు దగ్గర వాచ్‌మన్ వేళాకోళం చేస్తూంటాడు. "నీకెప్పుడో కట్టేదాన్నయ్యా, ఏ కాలం నాటి సరుకువో తేలక ఆగాను" అంటుందామె.

అంత నిదానమైన మనిషీ ఒక బుధవారం పొద్దున్న పదకొండింటికి, చేతిలో దారపుండ అలాగే పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి పరుగెత్తింది. తమ్ముణ్ణి పట్టుకెళ్ళారని మరదలు ఫోన్ చేసింది.

తమ్ముడిది లేత్ షాపు. పంపు షాఫ్టులు తిప్పడం, అరిగిపోయిన మరలు మళ్ళీ కోయడం, ఎక్కడా దొరకని నట్టుకి బోల్టు చేసివ్వడం అతని పని. పద్దెనిమిదో ఏట లేత్ ముందు నిలబడ్డవాడు, యాభై వచ్చినా అక్కడే నిలబడి ఉన్నాడు. చెడ్డ అలవాటు ఒక్కటి లేదు గానీ ఒక జబ్బుంది. విరిగిన వస్తువు కనబడితే అతని చేతులు ఊరుకోవు. అత్తారింటికి మొదటిసారి వెళ్ళి, మర్యాదలన్నీ పక్కనపెట్టి, వాళ్ళ తలుపు గడియ ఊడదీసి బాగుచేసి వచ్చిన ఘనుడు.

ఆ జబ్బే ఇప్పుడు కొంప ముంచింది. రెండు నెలల కిందట పాత ఇనుప సామాన్లవాడు దింపిన డ్రమ్ములో, తుప్పు పట్టిన బోల్టుల అడుగున ఒక పిస్తోలు దొరికింది. బుద్ధున్నవాడైతే దాన్ని తిన్నగా స్టేషన్‌కి తీసుకెళ్ళి ఇచ్చేసేవాడు. ఈయనగారు నాలుగు రోజులు కిరసనాయిల్లో నానబెట్టాడు. ఒక స్క్రూ లేదు, లోపల స్ప్రింగు విరిగింది. కూర్చుని స్క్రూ తిప్పాడు, స్ప్రింగు చుట్టాడు, పిడికి నూనె పట్టించాడు. పోనీ చేసినవాడు నోరు మూసుకున్నాడా అంటే అదీ లేదు! షాపుకొచ్చిన ప్రతివాడికీ చూపించి, "ఈ మర ఎక్కడా దొరకదు తెలుసా, చుట్లు లెక్కపెట్టి నేనే కోశాను" అని మురిసిపోయాడు. అలా చూసినవాళ్ళలో ఒకడి బామ్మర్ది కానిస్టేబుల్. అంతే, జీపు వచ్చి షాపు ముందు ఆగింది.

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ ఆమెను కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడాడు. "చూడమ్మా, పాత తుపాకీ దొరికితే చెప్పకుండా ఉంచుకోవడం ఒక కేసు. తుపాకీ తయారుచెయ్యడం ఇంకో కేసు. మొదటిదైతే మందలించి, జరిమానా వేసి పంపేస్తారు. రెండోదైతే పదేళ్ళు."

"వీడు తయారుచెయ్యడమేంటండీ! డ్రమ్ములో దొరికిందట కదా!"

"సామాన్లవాడు నేనెరగనంటున్నాడు. నేను మేకులూ బోల్టులూ అమ్ముకునేవాణ్ణి, నాకు తుపాకీలతో ఏం పని అంటున్నాడు. లోపల స్క్రూ కొత్తది, స్ప్రింగు కొత్తది. షాపులో లేత్ ఉంది. మరి నేనేమనుకోవాలి?"

మూల బెంచీ మీద కూర్చున్న తమ్ముడు అక్కణ్ణుంచే అరిచాడు. "సార్, ఆ గొట్టం మర చూడండి ఒక్కసారి! అటువంటి మర కొట్టే యంత్రం మా వీధిలో ఏ షాపులోనూ లేదు. అది ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టిన వస్తువు. నేను చేసింది ఒక్క స్ప్రింగు, ఒక్క స్క్రూ, ఆ స్క్రూ కూడా మూడోసారికి గానీ కుదర్లేదు." ఈ మనిషి అక్కడ కూడా స్క్రూ గురించే మాట్లాడుతున్నాడు. ఏం చెప్పమంటారు?

అప్పుడు ఇన్‌స్పెక్టర్ బల్ల మీది ప్లాస్టిక్ సంచీని ఆమె ముందుకి జరిపాడు. పొట్టి గొట్టం, నల్లగా నిగనిగలాడే కర్ర పిడి. పిడి మీద ఇనుప బిళ్ళ, దానిమీద రెక్కలు ముడుచుకున్న చిన్న పిట్ట, కింద 41 అంకె. చూడగానే చీటీలక్కకి నెత్తిన పాలు పోసినట్టయింది. ఆ పిట్ట ఆమెకి తెలుసు. మూడో బీరువా, అడుగు అర. అదే గొట్టం, అదే పిట్ట, కింద 26 అంకె.

"సార్, దీని జత మా మ్యూజియంలో ఉంది! నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఉంది. అప్పటికి వీడికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. మీరు లేబరేటరీకి పంపండి, పుస్తకాలు చూడమనండి, అన్నీ తేలిపోతాయి" అంది. ఇన్‌స్పెక్టర్ బుద్ధిగా రాసుకున్నాడు. బయటికొచ్చేటప్పుడు తమ్ముడి భుజం తట్టి, "వారంలో ఇంటికొచ్చేస్తావురా, భయపడకు" అని కూడా చెప్పింది.

వారం కాదు, మూడు వారాలకి లేబరేటరీ రిపోర్టు వచ్చింది. తమ్ముడికి పెట్టిన ప్లీడరు దాన్ని చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చదివాడు. ఈ రకం పిస్తోలు ఏ ఫ్యాక్టరీలోనూ తయారు కాలేదు, ఈ ఊరి లేత్ షాపులలో దొంగచాటుగా చేస్తారు, ఇప్పటికీ చేస్తున్నారు. అదీ రిపోర్టు సారాంశం.

"ఎవడండీ రాసింది ఇలా?" అని లేచింది చీటీలక్క. ఆమెకి కోపం రావడం ప్లీడరు చూడటం అదే మొదటిసారి.

రాసినవాడు లేబరేటరీలో తుపాకుల నిపుణుడు. చెడ్డవాడేం కాదు, పాపం. గది నిండా పుస్తకాలు, బల్ల మీద భూతద్దం, చొక్కా జేబుకి సిరా మరక. ఆమె వెళ్ళి నిలదీస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"మీరసలు పిస్తోలు చూసి రాశారా?"

"చూశానమ్మా. రెండు రోజులు చూశాను. చూస్తే ఏమీ తెలియలేదు. అందుకే పుస్తకం చూశాను."

"పాత ఇనుమో కొత్త ఇనుమో తెలియదా?"

"పాత ఇనుమే. మీ తమ్ముడు పాత ఇనుప సామాన్లు కొంటాడని పోలీసులే రాశారుగా. పాత ఇనుముతో కొత్త తుపాకీ చెయ్యొచ్చు. అందుకని ఇనుము వయసు ఏ మూలకీ రాదు." అని లేచి ఒక లావుపాటి పుస్తకం తీశాడు. రెండు వందల పన్నెండో పేజీలో పిట్ట గుర్తు పిస్తోలు గురించి నాలుగు వాక్యాలున్నాయి. చిన్న అక్షరాలలో, ఇది ఫలానా పుస్తకం నుంచి తీసుకున్నది అని ఉంది. ఆ ఫలానా పుస్తకం కూడా ఆయన దగ్గరే ఉంది, బక్కది, ఒక రిటైరైన సైనికాధికారి రాసింది. అందులోనూ అవే నాలుగు వాక్యాలు. వాటి కింద ఇంకా చిన్న అక్షరాలలో ఒక మ్యూజియం పేరు, 417 అని అంకె.

ఆ మ్యూజియం ఆమెదే. 417 ఏమిటో ఆమెకి పుస్తకం తెరిచి చూడక్కర్లేదు. కానీ అందులో ఏం రాసిందో ముప్ఫై ఏళ్ళలో మళ్ళీ చదవలేదు. ఆటో ఎక్కి వచ్చి, కార్డుల సొరుగు లాగి, నాలుగు వందల పదిహేడో కార్డు తీసింది. గుండ్రంగా, ముత్యాల్లాంటి అక్షరాలు. ముప్ఫై ఏళ్ళ కిందటి తన చేతిరాత.

తయారీ: ఈ ఊరి లేత్ షాపులు. కాలం: ఇప్పటిది. వివరం: గొట్టం లేత్ మీది నాలుగు దవడల చక్‌లో పట్టి తిప్పినది, మరలు చేత్తో కోసినవి, ఇటువంటివి నేటికీ తయారవుతున్నాయి.

చీటీలక్క బీరువాకి ఆనుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

అప్పటికి ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. ఆ రోజుల్లో పెద్దసారు అని ఒకాయన ఉండేవాడు, ఇప్పుడు లేడు. కార్డులో ఒక్క గడి కూడా ఖాళీగా ఉండకూడదని ఆయన పట్టు. "ఖాళీ గడి అంటే ముందుపన్ను ఊడిన నోరమ్మా, నాకు చూపించకు" అనేవాడు. తెలియదు అని రాస్తే చించి చేతిలో పెట్టేవాడు. ఆ గదిలో పనిచేసినవాళ్ళంతా తెలియనిచోట ఏదో ఒకటి నింపడం నేర్చుకున్నారు. ఆ పిస్తోలు సంగతి చూస్తే ఎవరో గుడ్డలో చుట్టి గేటు దగ్గర వదిలేసి వెళ్ళారు. పుట్టుక లేదు, పూర్వం లేదు. రెండు వారాలు ఆ కార్డు ఆమె బల్ల మీద అలాగే పడి ఉంది.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం తమ్ముడు ఆమెకి క్యారియర్ ఇవ్వడానికి వచ్చాడు. పంతొమ్మిదేళ్ళు, లేత్ పనిలో చేరి ఏడాది, భూమి మీద కాలు నిలవడం లేదు. పిస్తోలు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, గొట్టంలోకి ఒక కన్ను మూసి చూసి, "అక్కా, ఇది ఫ్యాక్టరీ సరుకేం కాదే! ఈ గీతలు చూడు, నాలుగు దవడల చక్‌లో పట్టి తిప్పారు. మరలు చేత్తో కోశారు. ఇదేం బ్రహ్మవిద్యా? ఇవాళ పొద్దున్న మొదలెడితే రేపు సాయంత్రానికి నేనే చేసిస్తాను ఇలాంటిది" అన్నాడు. ఆమె నవ్వుతూ ఒక్కొక్క మాటా రాసుకుంది. మా తమ్ముడికి ఎంత తెలుసో అని లోపల గర్వం కూడా. పెద్దసారు ఆ కార్డు చూసి, "ఇదీ కార్డంటే! పనివాడు రాసినట్టుంది" అని పదిమందికీ చూపించాడు. మరుసటి ఏడాది మ్యూజియం పుస్తకం అచ్చువేసినప్పుడు అది అక్షరం పొల్లుపోకుండా అందులోకెక్కింది.

అదీ వరస. కుర్రతనంలో వాడు కోసిన కోతలు ఆమె కార్డులోకి, కార్డు నుంచి పుస్తకంలోకి, పుస్తకం నుంచి ఇంకో పుస్తకంలోకి, అక్కణ్ణుంచి లేబరేటరీ రిపోర్టులోకి నడిచి, ముప్ఫై ఏళ్ళకి తిరిగొచ్చి వాడి మెడకే చుట్టుకున్నాయి. వాడికా ఆ మధ్యాహ్నం గుర్తు కూడా లేదు.

కార్డు సంగతి ఇంట్లో చెప్పింది, తాను రాసిందని చెప్పింది. ఎవరి మాటలు రాసిందో చెప్పలేకపోయింది. మరదలు ఏడుస్తూనే ఆశగా లేచి కూర్చుంది. "నువ్వు రాసిందే కదా వదినా! నువ్వే కొట్టెయ్యి. ఒక్క గీత గీసెయ్యి, పోతుంది."

ఒక్క గీతే. ఆ గీత గీయడానికి చీటీలక్క ఎక్కని గడప లేదు. ఇప్పటి డైరెక్టరమ్మ సానుభూతిగానే విని, "కార్డు ఇప్పుడు కోర్టు సాక్ష్యం, ముట్టుకుంటే నా ఉద్యోగం పోతుంది. పైగా అది కొట్టేస్తే దాని బదులు ఏం రాస్తావు? ఎక్కడ తయారైందో ఆధారం చూపించు, రాసుకుందాం" అంది. ఆధారం ఎక్కణ్ణుంచి తెస్తుంది? బక్క పుస్తకం రాసిన సైనికాధికారి పోయి తొమ్మిదేళ్ళయింది. లావు పుస్తకం రాసినాయనకి ఆరు పేజీల ఉత్తరం రాస్తే, ఎంతో గౌరవంగా జవాబిచ్చాడు. అమ్మా, మీ సందేహం అర్థమైంది, కానీ మీ మ్యూజియం, సైనికాధికారిగారి పుస్తకం, ప్రభుత్వ లేబరేటరీ, మూడూ ఒకటే మాట చెబుతున్నప్పుడు నేనెలా మార్చను? అని. ఆ మూడూ ఒక్క అక్కే, ఆ అక్క వెనక ఒక్క తమ్ముడే అని ఆయనకెవరు చెబుతారు! ఉత్తరం మడిచి సంచీలో పెట్టుకుంటుంటే ఆమెకి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

పిట్ట గుర్తు ఎక్కడిదో వెతకడానికి ఆఖరికి పాత ఫ్యాక్టరీల బొమ్మల పుస్తకాలన్నీ తిరగేసింది. పిట్టలున్నాయి, ఎగిరేవి ఉన్నాయి, కొమ్మ మీద వాలినవి ఉన్నాయి. రెక్కలు ముడుచుకున్నది ఒక్కటీ లేదు. యుద్ధకాలంలో ఏ కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలోనో కొన్నాళ్ళు చేసి ఉంటారని ఒక పెద్దాయన అన్నాడు. కాదు, ఏదో జైలు కార్ఖానాలో చేయించారని ఇంకొకాయన అన్నాడు. కాగితం మాత్రం ఒక్కరి దగ్గరా లేదు.

ప్లీడరు మటుకు ధైర్యంగానే ఉన్నాడు. "మీరు బోనెక్కి, నేను కొత్తలో గడి నింపడం కోసం ఊహించి రాశాను అనండి. ఆ ఒక్క ఇటుక లాగితే గోడంతా కూలుతుంది. ఇరవై ఆరు, నలభై ఒకటి అని వరస నెంబర్లున్నాయి కదా, ఫ్యాక్టరీ వాళ్ళే వేస్తారు అలా, అని నేను అందుకుంటాను." ఆమె నోరు తెరిచి, మూసుకుని, "అలాగేనండి" అంది. ఊహ ఎవరిదో చెబుదామనే అనుకుంది.

కోర్టు గదిలో ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. తమ్ముడు అవతలి బోనులో నిలబడి, ఆ ఫ్యాను వంకే చూస్తున్నాడు. బేరింగు పోయిందని వాడికి తెలిసిపోయి ఉంటుంది. నెలన్నరలో సగమయ్యాడు. అక్కని చూసి పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

ప్లీడరు అడిగినవాటికి ఆమె అనుకున్నట్టే చెప్పింది. ఊహించి రాశాను, గడి ఖాళీగా ఉంచకూడదన్నారు, నాకేమీ తెలియదు. జడ్జిగారు తలూపుతూ రాసుకున్నారు. అంతా బాగానే ఉందనిపించింది. అప్పుడు ప్రభుత్వ వకీలు లేచాడు.

"ముద్దాయి మీకేమవుతాడు?"

"మా తమ్ముడండి."

"అందుకని వచ్చి చెప్పడం సహజమే. సరే, మీరెప్పుడైనా లేత్ తిప్పారా?"

"లేదండి."

"ఈ కార్డు రాసేనాటికి ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళు?"

"నాలుగు నెలలండి."

"నాలుగు దవడల చక్ అని రాశారు. అప్పటికి మీరు దాన్ని కళ్ళతో చూశారా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. వకీలు కార్డు పైకెత్తి, అందరికీ వినబడేలా మొత్తం చదివాడు. "లేత్ మొహం ఎరగని మనిషి కూర్చుని ఊహించే మాటలేనా ఇవి? పని తెలిసినవాడెవడో పిస్తోలు చేతిలో పట్టుకుని చూసి చెప్పాడు, మీరు రాసుకున్నారు. అవునా, కాదా?"

"అవునండి." మాట జారిపోయింది. ప్లీడరు తల పట్టుకున్నాడు.

"ఎవరతను?"

జడ్జిగారు కూడా కలం ఆపి తలెత్తారు. "చెప్పండమ్మా. అతను ఉంటే పిలిపిద్దాం. ఏం చూసి అన్నాడో అతన్నే అడుగుదాం. మీ తమ్ముడికి మంచిదే కావచ్చు."

చీటీలక్క అవతలి బోను వైపు చూసింది. తమ్ముడు బోను కర్ర మీదికి వంగి, చెప్పక్కా, చెప్పు, అని పెదవులతోనే అంటున్నాడు. కళ్ళనిండా ఆశ. ఎవరో ఒక మహానుభావుడి పేరు అక్క నోట్లోంచి ఇప్పుడు రాబోతోందని, ఆ పేరుతో తను ఇంటికెళ్ళిపోతానని.

చెబితే ఏమవుతుందో ఆమెకి అద్దంలో చూసినట్టు తెలుసు. ఈ ముద్దాయే పంతొమ్మిదో ఏట దీని జత పిస్తోలు పట్టుకుని, రేపు సాయంత్రానికి ఇలాంటిది చేసిస్తానన్నాడు. ఇంక వేరే సాక్ష్యమెందుకు? చెప్పకపోతే కార్డు కార్డులాగే ఉండిపోతుంది. నిజం చెప్పినా వాడే పోతాడు, అబద్ధం చెప్పినా వాడే పోతాడు. ముప్ఫై ఏళ్ళలో గుర్తులేదని ఒక్కసారి కూడా అనని మనిషి, బోను కర్రని రెండు చేతులా పట్టుకుంది.

"గుర్తులేదండి" అంది.

జడ్జిగారు నిదానంగా చెబుతూ రాయించారు. సాక్షికి సమాచారమిచ్చిన వ్యక్తి ఎవరో గుర్తులేదు. పని తెలిసిన వ్యక్తి పరిశీలించి చెప్పిన వివరాలే కార్డులో ఉన్నవని సాక్షి ఒప్పుకున్నది. వచ్చే వాయిదాలోగా గుర్తొస్తే తెలియజేయవచ్చు. అంటే, ఊహని కొట్టిపారేయించడానికి వచ్చిన మనిషి దానికి రాజముద్ర వేయించి దిగింది.

వరండాలో జీపెక్కించే ముందు కానిస్టేబుల్ దయతలచి రెండు నిమిషాలు మాట్లాడుకోనిచ్చాడు. మరదలు అప్పటికే చీరకొంగు నోట్లో కుక్కుకుని స్తంభం వెనక నిలబడింది. చీటీలక్క తమ్ముడి మొహం చూడలేక వాడి చొక్కా గుండీ చూస్తూ నిలబడింది. వాడే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చేతివేళ్ళ సందుల్లో ఎన్నేళ్ళు కడిగినా పోని ఇనుప నలుపు ఈ నెలన్నరలో పోయి, వేళ్ళు తెల్లగా, ఎవరివో అయినట్టున్నాయి.

"ఏడవకే అక్కా. ఏమీ కాలేదు. వాళ్ళు కార్డు చదువుతుంటే విన్నాను కదా, ఆ చెప్పినవాడెవడో గట్టి పనివాడే. గొట్టం మీద గీతలు చూసి చక్ ఏదో పట్టేశాడంటే మాటలు కాదు. మర దగ్గర పప్పులో కాలేశాడనుకో. బహుశా కుర్రాడై ఉంటాడు, తొందరపడి ఉంటాడు. ఇప్పుడు మళ్ళీ ఆ మర చూపిస్తే తన తప్పు తనే ఒప్పుకుంటాడు. పని తెలిసినవాడు అబద్ధమాడడే."

ఆమె తలూపింది.

"నువ్వు దేన్నీ మర్చిపోవు. చిన్నప్పుడు నేను పగలగొట్టిన పలకలు కూడా నీకు లెక్కే. ఇంటికెళ్ళి నింపాదిగా కూర్చుని గుర్తు తెచ్చుకో. వాడొక్కడు దొరికితే చాలు, నేను బయటపడిపోతాను. తెచ్చుకుంటావుగా?"

"తెచ్చుకుంటానురా" అంది అక్క.

వాడు జీపెక్కి, తలుపు గడియ సరిగ్గా పడటం లేదని చూసి, లోపలినుంచే కొంచెం పైకెత్తి తనే వేసుకున్నాడు.